మూడు రోజుల నీళ్ళు

పొద్దున ఐదున్నర. గుత్తి బస్టాండు బయట బాణలి అప్పటికే కాగుతోంది. మృగశిర కార్తె వచ్చింది గానీ వాన రాలేదు. గాలిలో నిన్నటి వేడి ఇంకా మిగిలే ఉంది. మీరు బల్ల మీద కూచుంటారు. పొయ్యి దగ్గరున్న ఆమె బొరుగుల్ని నీళ్ళలో ఒక్క మునక ముంచి, రెండు చేతుల్తో గట్టిగా పిండి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ పసుపూ వేగుతున్న బాణలిలోకి విసురుతుంది. గరిటె నాలుగుసార్లు తిరుగుతుంది. పైన పుట్నాల పొడి, చిటికెడు ఉప్పు. ఆకులో ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. బొరుగు మెత్తబడాలి, ముద్ద కాకూడదు. ఒక్క క్షణం ఎక్కువ నానితే ఆ పూట ఉగ్గాని చెడినట్టే.

"కోటకి పోతాండారా సార్? ఎండెక్కక ముందే దిగొచ్చేయండి. నీళ్ళ బాటిళ్ళు రెండు తీస్కపోండి. పైన ఏమీ దొరకదు."

డబ్బులిచ్చి లేస్తారు. తలెత్తితే చాలు, కోట కనిపిస్తుంది. అసలు గుత్తిలో ఎటు తిరిగినా కోటే. ఊరిని చుట్టి కొండల వరస ఉంది. ఒక కొండ నుంచి ఇంకో కొండకి గోడలు పాకించి, ఆ వలయాన్నంతా కోటగా మార్చారు. ఊరు ఆ మధ్యలో ఇమిడిపోయింది. పడమటి వైపున్న కొండ అన్నిటికంటే పెద్దది, చెట్టూ చేమా పెద్దగా అంటని బండ. మైదానం నుంచి సుమారు 300 మీటర్లు నిటారుగా లేచి నిలబడుతుంది. పై కోట దాని నెత్తిన ఉంది. బుక్కరాయల కాలపు శాసనమొకటి ఈ కోటను దుర్గాలకే రాజని పొగిడింది. అంతకు చాలా ముందే, కల్యాణి చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుడి కాలంలో, ఇక్కడి రాళ్ళ మీద కన్నడ అక్షరాలు చెక్కారు.

పాత ఊరి సందుల్లోంచి నడుస్తారు. ఇళ్ళ ముందు నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు, వాటి మీద మూతలు, మూతల మీద రాళ్ళు. ఒకావిడ చెంబెడు నీళ్ళతోనే వాకిలంతా చల్లేస్తోంది. అరచేతిలోంచి చుక్కలు ఎగిరి దూరంగా పడతాయి, ఒక్క చోటా మడుగు కట్టదు. అనంతపురం జిల్లాలో పుట్టిన చెయ్యి అది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి వాటిలో సత్తువ ఉండదు. రెంటికీ చెడ్డ నేల ఇది. ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడుతుంది. ఆ పడేది కూడా శెనక్కాయ ఊడ దిగే రోజుల్లో పడకుండా, ఎప్పుడో ఒక్క రాత్రిలో కురిసి పోతుంది.

కొండ మొదట్లో ఒక పాత శ్మశానం ఉంది. దొరలది. సర్ థామస్ మన్రోను మొదట పూడ్చింది ఇక్కడే. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా ఉన్నవాడు, రైతు పేరునే పట్టా రాసి శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నాటినవాడు ఆయనే. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. ఇంగ్లండుకి తిరిగి పోయే ముందు ఒకసారి పాత తాలూకాలన్నీ చూడాలని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చి ఇక్కడ పూడ్చారు. 1831లో ఎముకల్ని మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పత్తికొండలో మాత్రం ఆయన గుర్తుగా తోపు వేయించి, రాతి మెట్ల బావి కట్టించారు. ఈ నేలలో ఒకరిని తల్చుకోవాలంటే అంతకంటే పనికొచ్చేది ఇంకేముంటుంది? జనం ఇంకో విధంగానూ తల్చుకున్నారు. పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

అక్కణ్ణుంచి బాట మలుపులు తిరుగుతూ పైకి సాగుతుంది. రాళ్ళు పరిచిన బాట. గుర్రాలు ఎక్కడానికి వీలుగా వేసింది కాబట్టి మరీ నిటారు కాదు గానీ పొడుగు. దాటాల్సిన వాకిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. మొత్తం పదిహేనని లెక్క. ప్రతి వాకిలి దగ్గరా దారి ఒక్కసారి పక్కకి మళ్ళుతుంది. ఏనుగైనా దూలమైనా పరుగున వచ్చి తలుపుని గుద్దే వీలు లేకుండా చేసిన ఏర్పాటు. రెండో వాకిలి నీడలో నిలబడి గోడ మీద చెయ్యి వేయండి. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి. బండ ఎటు వంగితే గోడా అటే వంగింది. ఎక్కడ కొండ ఆగి ఎక్కడ గోడ మొదలయిందో కొన్ని చోట్ల కంటికి ఆనదు.

సీతాఫలం పొదల్లోంచి మేకల గంటలు. వెనక ఒక పెద్దాయన, భుజాన గొంగడి, చేతిలో దోటి కర్ర. దోటికి చివర కొడవలి. కొమ్మ వంచి మేకలకి ఆకు రాలుస్తున్నాడు.

"యా ఊరప్పా మీది?"

చెప్తారు. ఆయన తల ఊపుతాడు. "పైన రాజు కూచునే చోటుంది, అందరూ దానికే పోతారు. అది గాదు చూడాల్సింది. దొనలు చూడండి, దొనలు." కర్రతో ఎడమ పక్కకి చూపించి, మేకల వెంట పోతాడు.

దొన అంటే బండలో గుంట. కొన్ని దేవుడు చేసినవి, కొన్ని మనిషి తొలిచినవి, చాలా మటుకు ఇద్దరూ కలిసి చేసినవి. సహజంగా ఉన్న పల్లానికి ఒక పక్క రాతికట్ట కట్టి లోతు పెంచారు. మీరు వెళ్ళి అంచున నిలబడతారు. అడుగున మోకాలి లోతు నీళ్ళు, మీద ఆకుపచ్చటి నాచు. గోడకి ఒకదాని కింద ఒకటిగా తెల్లటి చారలు. ఏ ఏడు ఎంతవరకు నిండిందో, ఎప్పుడు ఎంతకు దిగిందో ఆ చారలే చెప్తాయి. వంగి చూస్తే పైబండ మీద వేలు పట్టేంత వెడల్పున కాలువ తొలిచి ఉంది. అది ఇంకో కాలువలో కలుస్తుంది, ఆ కాలువ ఈ దొనలోకి దిగుతుంది. కొండ మీద ఇట్లాంటి గుంటలూ బావులూ నూటెనిమిది ఉండేవని ఊళ్ళో చెప్పుకుంటారు.

లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది. మెత్తటి నేల మీద పడ్డ వాన నేలలోకే పోతుంది. బండ మీద పడ్డ వానకి ఇంకే చోటు లేదు, పారాల్సిందే. హెక్టారు బండ మీద ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే 55 లక్షల లీటర్లు. ఎండకి సగం ఆవిరయినా ఇంకో సగం చిన్న దండుని పోషిస్తుంది. కింద పొలాలు ఎండుతున్నా పైన ఉత్త రాయి నీళ్ళు కూడబెట్టేది ఇట్లాగే. శత్రువుకి కనిపించే బలం బురుజులయితే, లోపలివాళ్ళని బతికించింది ఈ వేలి వెడల్పు కాలువలు.

కొండ మీద కట్టుకున్న ఊరికి ప్రపంచంలో ఎక్కడైనా ఇదే బెంగ. 1527లో రోము నగరం దోపిడీకి గురయినప్పుడు ఏడో క్లెమెంట్ పోపు తప్పించుకుని ఇటలీలోని ఒర్వియెతో అనే కొండ ఊరికి చేరాడు. చేరగానే ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి బావి తవ్వించడం. ముట్టడి వస్తే నీళ్ళు చాలవని భయం. పదేళ్ళు పట్టిన ఆ బావి లోతు 53 మీటర్లు. దిగే గాడిదలకి ఒక మెట్ల దారి, నీళ్ళు మోసుకుని ఎక్కే గాడిదలకి ఇంకో మెట్ల దారి. రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుంటూ దిగుతాయి గానీ ఎక్కడా కలవవు. ఒర్వియెతో కొండ మెత్తటి రాయి కాబట్టి అడుగున నీరు పడేదాకా తొలుచుకుంటూ పోగలిగారు. గుత్తిది గట్టి బండ. కిందికి తవ్వి తెచ్చుకునే వీలు లేదు, పైనుంచి పడింది పట్టుకోవాల్సిందే. అందుకే ఇక్కడ ఎన్నాళ్ళు నిలబడగలమనేది ముందటి ఏటి వాన తేలుస్తుంది.

దొన అంచున నీడ ఉంది. కూచోండి. 1776లో ఇదే చోట ఎట్లా ఉండేదో ఊహించుకోవడానికి పెద్ద కష్టం లేదు.

అప్పుడు కోట మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడేది. మూడు దశాబ్దాలుగా ఇక్కడ పాతుకుపోయినవాడు. దక్షిణాదిన ఎవరు ఎవరితో పోరాడినా ఆయన గుర్రపు దండు ఏ వైపు ఉందో ముందు కనుక్కునేవాళ్ళు. 1751లో ఆర్కాటు కోటలో కంపెనీ తరపు క్లైవు ముట్టడిలో చిక్కుకున్నప్పుడు, సాయంగా కదిలింది మురారిరావు ఆరువేల మరాఠా రౌతులే. అట్లాంటి వాడి మీదికి మైసూరు నుంచి హైదరలీ వచ్చాడు. కింది కోటా పేటా హైదరు చేతికి చిక్కాయి. జనమూ గుర్రాలూ పశువులూ పై కోటకి ఎక్కారు. ఇప్పుడు మీరు కూచున్న ఈ బండ మీదికే.

మురారిరావుకి పేరు తెచ్చిందే గుర్రాలు. మైదానంలో అవి ఉంటే ఆయనకి ఎదురు లేదు. కానీ కొండెక్కించాక గుర్రం నోరు మాత్రమే మిగులుతుంది. మనిషి మూడు నాలుగు లీటర్లతో ఎండని నెట్టుకొస్తాడు. గుర్రానికి రోజుకి ముప్ఫై, నలభై లీటర్లు కావాలి. గోడకున్న చారలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. కడవ దింపితే అడుగు రాయికి తగిలి చప్పుడవుతోంది. పశువులు ఖాళీ దొన దగ్గరికి వచ్చి నిలబడి అరుస్తున్నాయి. కిందికి చూస్తే హైదరు గుడారాలు. వాళ్ళకి తొందర లేదు.

తర్వాత జరిగింది మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ చెప్తాడు. మురారిరావు రాజీకి మనిషిని పంపాడు. హైదరు పన్నెండు లక్షల రూపాయలు అడిగాడు. నగలూ వెండి సామానూ కొంత పంపి, మిగతాదానికి పూచీగా ఒక కుర్రాణ్ణి అప్పగించారు. మురారిరావు సేనానిగా పేరుపడ్డ యూనస్ ఖాన్ కొడుకతను. హైదరు ఆ కుర్రాణ్ణి ఆదరించాడు, వాళ్ళ నాయన వీరత్వం పొగిడాడు, పక్కన కూచోబెట్టి భోజనం పెట్టించాడు. మాటల్లో మాట, కోట ఎందుకు లొంగిందన్నది వచ్చింది. కుర్రాడికి రోషం వచ్చింది. మేమేం మీ ఫిరంగులకి లొంగలేదు, నీళ్ళు లేక లొంగాం, పైన మూడు రోజులకి సరిపడా కూడా లేవు అనేశాడు. హైదరుకి కావలసింది అంతే. పంపిన సొమ్ము లెక్కకి చాలలేదని సాకు పెట్టి రాజీ చెరిపేసి మళ్ళీ ముట్టడి బిగించాడు. నీళ్ళు అయిపోయాయి. కోట దిగిపోయింది. మురారిరావుని శ్రీరంగపట్నం తీసుకుపోయి, అక్కణ్ణుంచి కబ్బాళదుర్గానికి పంపారు. ఆ చెరలోనే చనిపోయాడు.

ఆ ముట్టడిలో పై కోట గోడ ఫిరంగులకి కూలలేదు. వెళ్ళి చూడండి, ఇప్పటికీ చాలా వరకు నిలబడే ఉంది.

ఇక పైకి. చివరి వాకిళ్ళు దాటాక గాలి హోరున కొడుతుంది. కప్పులు కూలిన కట్టడాలు, గోదామో మందుగుండు కొట్టో అనిపించే మందపాటి గోడలు. కొండ కొమ్మున, సరిగ్గా లోయ అంచున, సున్నపు గచ్చుతో నున్నగా చేసిన చిన్న మంటపం ఉంది. మేకల పెద్దాయన చెప్పిన రాజు కూచునే చోటు ఇదే. మురారిరావు గద్దె అంటారు. ఇక్కడ ఉయ్యాల ఊగుతూ చదరంగం ఆడుతూ, ఎదుటి కొండచరియ మీంచి ఖైదీల్ని తోయించి చూసేవాడని కథ. నిజమెంతో గానీ అంచు దాకా పోయి కిందికి చూస్తే కడుపులో కదులుతుంది. గచ్చు మాత్రం అరచేతికి ఇప్పటికీ చల్లగా తగులుతుంది.

ఇక్కణ్ణుంచి గుత్తి చరిత్రంతా ఒక్క చూపులో పడుతుంది. ఒక పక్క 44వ నంబరు జాతీయ రహదారి, దాని మీద బెంగుళూరు వైపు లారీలు. ఇంకో పక్క ఊరికి ఎడంగా రైలు పట్టాలు, డీజిల్ షెడ్డు. అది గుత్తి ఆర్.ఎస్., రైల్వే వాళ్ళు కట్టుకున్న వేరే ఊరు. మద్రాసు నుంచి బొంబాయికి పోయే లైను 1871 నాటికి ఇటుగా సాగి రాయచూరులో కలిసింది. ఈ రైల్వే కలప యార్డులోనే ఒక వింత జీవి దొరికింది. మెరిసే నీలిరంగులో, కాళ్ళ మీద పసుపు మచ్చలతో పెద్ద సాలీడు. 1899లో రెజినాల్డ్ పోకాక్ దాన్ని వర్ణించి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. లోకంలో సాలీళ్ళు పెంచేవాళ్ళకి గుత్తి పేరు తెలిసింది దీంతోనే. కానీ గుత్తిలో వెతికినవాళ్ళకి అది మళ్ళీ కనబడలేదు. వంద సంవత్సరాల తర్వాత నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. నల్లమల కలపతో పాటు రైలెక్కి ఇక్కడ దిగిన సాలీడన్నమాట. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదం బాగా ఉన్న జీవుల జాబితాలో ఉంది.

ఉత్తరానికి తిరగండి. పత్తికొండ దారి అటే. ఆ దారిలో ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి, పద్నాలుగు పెద్ద శాసనాలూ ఒక్క చోటే. పక్కనున్న జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే వజ్రాలు వెతికేవాళ్ళు దిగుతారు. లాడ్జీలు నిండుతాయి, చెట్ల కింద వంటలు లేస్తాయి. నేల మీద మెరిసే ప్రతి రాయినీ తిప్పి చూస్తారు. ఎర్రగుడి గుండ్ల మీది రాత మాత్రం వందల ఏళ్ళు ఎవరికీ అర్థం కాకుండా ఎండలో పడి ఉంది. 1929 ప్రాంతంలో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడ్డాక గానీ అది అశోకుడిదని లోకానికి తెలియలేదు. పెద్ద శాసనాల్లో రెండోది చెప్పేదేమంటే, మనుషులకీ పశువులకీ ఉపయోగపడేట్టు దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించానని. మన్రో శవాన్ని పత్తికొండ నుంచి ఈ వైపుకే తెచ్చారు. ఆయన పేరున తోపూ బావీ ఏర్పాటు చేసినవాళ్ళకి, రెండువేల ఏళ్ళ కింద ఇదే సీమలో ఇదే సంగతి బండకెక్కిందని తెలీదు. అయినా ఇద్దరికీ తోచింది ఒకటే.

తొమ్మిదయ్యేసరికి బండ కాలడం మొదలవుతుంది. రెండో బాటిల్లో పావు వంతు మిగిలింది. దిగండి.

కింద ఊళ్ళో ఇంకో గుర్తు ఉంది, దాన్ని చూడకుండా పోకూడదు. గూళపాళ్యం హంపన్న స్మారకం. హంపన్న గుంతకల్లు రైలు గేటు కాపరి. 1893 అక్టోబరు 4న తెల్ల సిపాయిలు ఇద్దరు ఆడవాళ్ళ వెంటపడితే, వాళ్ళని తన గేటు గదిలోకి పంపి తాను అడ్డం నిలబడ్డాడు. వాళ్ళలో ఒక సిపాయి తుపాకీతో కాల్చాడు. హంపన్న చనిపోయాడు. మద్రాసులో విచారణ జరిగింది, కాల్చినవాణ్ణి నిర్దోషి అని వదిలేశారు. ఈ అన్యాయాన్ని పత్రికలకెక్కించి పట్టుపట్టి పోరాడింది గుత్తి వకీలు కేశవపిళ్ళె. 1885లో బొంబాయిలో కాంగ్రెసు మొట్టమొదటి సభకి ఈ ఊరి నుంచి వెళ్ళినవాడాయన. మురారిరావు గద్దె కోసం కొండెక్కేవాళ్ళు చాలామంది హంపన్న దగ్గర ఆగరు. ఆగితే ఊరి కొలత మారుతుంది. రాజు దగ్గర ఆరువేల గుర్రాలుండేవి, ఈయన దగ్గర ఒక గేటు గది తాళం ఉండేది.

బస్టాండు దగ్గర టీ కొట్టు. మీ పక్క బల్ల మీద ఇద్దరు రైతులు. విత్తనం శెనక్కాయలు ఇంట్లో పెట్టుకుని వాన కోసం చూస్తున్నవాళ్ళు.

"బోరు ఎన్నడుగులేస్తివి ప్పా?"

"ఆరొందలు. ఉత్త దుమ్ము లేసింది."

"మా పక్క సేన్లో వెయ్యికి పోయినారు. ఇంచు నీళ్ళు పడినాయంట. అవీ ఎండాకాలానికి నిలుస్తాయని నమ్మకం ల్యా."

"నీది?"

"నాది అర గంట పోస్తాది, ఆగుతాది. మల్లా రెండు గంటలకి పోస్తాది."

మీరు కొత్త మనిషని వాళ్ళకి తెలుసు. అయినా గొంతు తగ్గించరు. మీవైపు తిరిగి, మీ ఊళ్ళో బోర్లు ఎన్నడుగుల్లో పడతాయని అడుగుతారు కూడా. ఎవరి బోరు ఎండింది, ఎవరిది ఎంతసేపు పోస్తుంది, దాని కోసం ఎంత అప్పయింది, అన్నీ టీ చల్లారేలోపే తెలిసిపోతాయి. పెళ్ళి సంబంధాల దగ్గరా పొలం బేరాల దగ్గరా మొదటి ప్రశ్న ఇదే కాబట్టి దాచినా దాగదు.

యూనస్ ఖాన్ కొడుకుని చరిత్ర ద్రోహి అనలేదు గానీ తెలివి తక్కువవాడన్నట్టే చెప్తుంది. ఈ బల్ల మీద కూచున్నాక ఆ మాట అనబుద్ధి కాదు. అన్నం పెట్టినవాడు కోట ఎందుకు లొంగిందని అడిగాడు, కుర్రాడు ఉన్నది చెప్పాడు. ఈ సీమలో అడిగితే అందరూ చెప్తారు.